ఆఫీసు మాటలు ఎక్కడ ఆడాలి, ఎన్నాళ్లు దాచాలి, ఎవరు చూడొచ్చు: చాట్, కాల్స్, ఇమెయిల్ సర్దుకోడానికి సమగ్ర మార్గదర్శి

కొత్త సంస్థకు పని మీద వెళ్లినప్పుడు నేను మొదట చేసేది ఒకటే. వాళ్ల చాట్ టూల్ తెరిపించి, సెర్చ్‌లో "పాస్‌వర్డ్" అని కొట్టమంటాను. ఇప్పటిదాకా ఏమీ దొరకని చోటు నాకు తగల్లేదు. "సర్, సర్వర్ పాస్‌వర్డ్ ఇది, చూసుకుని చెప్పండి, డిలీట్ చేసేస్తా" అని ఎప్పుడో మూడేళ్ల కిందట ఎవరో పెట్టిన మెసేజ్ బయటపడుతుంది. పెట్టినాయన ఉద్యోగం మానేసి ఉంటాడు, చూసినాయన మరిచిపోయి ఉంటాడు, పాస్‌వర్డ్ మాత్రం అదే ఉంటుంది. పక్క కుర్చీ వైపు వంగి చెవిలో చెప్పినట్టే అనుకుని టైప్ చేశారు. అది కాస్తా దస్తావేజై కూర్చుంది.

చాట్, వీడియో కాల్స్ వచ్చాక పని వేగం పెరిగిందని అందరూ చెబుతారు. నన్నడిగితే వేగం కన్నా పెద్ద మార్పు నిలవ. ఒకప్పుడు వరండాలో గాలికి పోయే మాటలన్నీ ఇప్పుడు ఎవరిదో ఒకరి సర్వర్‌లో తేదీ, టైముతో సహా పడి ఉంటున్నాయి. భద్రత గొడవలైనా, ప్రైవసీ గొడవలైనా అక్కడి నుంచే మొదలు.

పది మంది ఉన్న చోటు నుంచి రెండు మూడు వందల మంది ఉన్న చోటు దాకా ఈ వ్యవహారం నెత్తినేసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రత్యేకంగా ఐటీ విభాగం లేకపోయినా ఫర్వాలేదు. అడుగుల వరస మాత్రం మార్చకండి.

1. ముందు తలుపులెన్నో లెక్కపెట్టండి

"మీరు ఏ యాప్‌లు వాడుతున్నారు?" అని అడిగితే అందరూ అధికారికంగా ఇచ్చిన వాటి పేర్లే చెబుతారు. అలా కాకుండా "నిన్న పని గురించి ఎవరెవరితో, ఎందులో మాట్లాడారు?" అని అడగండి. అప్పుడు వస్తాయి అసలు పేర్లు: సొంత వాట్సాప్, ఎవరో తెరిచిన టెలిగ్రామ్ గుంపు, గూగుల్ డాక్యుమెంట్‌లో కామెంట్లు, ఆఖరికి ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు కూడా.

దొరికిన ప్రతిదానికీ ఎదురుగా నాలుగు గళ్లు గీయండి. అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది? అడ్మిన్ ఎవరు? బిల్లు ఎవరు కడుతున్నారు? పాత మెసేజ్‌లు ఎన్నాళ్లు ఉంటాయి? రెండో గడి దగ్గరే కథ బయటపడుతుంది. ఒకచోట నూట ఇరవై మంది ఉన్న గుంపుకు అడ్మిన్, రెండేళ్ల కిందట శిక్షణకు వచ్చి వెళ్లిపోయిన కుర్రాడు. పాపం, అతనికీ గుర్తులేదు.

ఉచిత ప్లాన్‌లో ఉంటే నాలుగో గడి జాగ్రత్తగా నింపండి. స్లాక్ అనే ఆఫీసు చాట్ టూల్ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల మెసేజ్‌లే కనబడతాయి. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవి పూర్తిగా చెరిపేస్తున్నారు. "చాట్‌లో ఉందిలే, కావాలంటే తీసుకుందాం" అన్న ధీమా అక్కడ చెల్లదు.

2. ఏ మాట ఎక్కడో నాలుగు వాక్యాల్లో రాయండి

పది పేజీల పాలసీ ఎవరూ చదవరు. నేను గోడకు అంటించమనేది ఇంతే:

- రోజువారీ పని మాటలు టీమ్ చాట్‌లో, ఆ పని పేరున్న చానల్‌లో (టూల్ లోపలి విడి గదిలో).
- బయటివాళ్లతో ఒప్పందం, ధర, గడువు ఏది తేలినా ఇమెయిల్‌లో.
- జీతం, అనారోగ్యం, క్రమశిక్షణ ఎదురెదురుగానో కాల్‌లోనో మాట్లాడాలి. రాయక తప్పకపోతే హెచ్‌ఆర్ ఫైలులో రాయాలి, చాట్‌లో కాదు.
- పాస్‌వర్డ్‌లు పాస్‌వర్డ్ మేనేజర్‌లో (వాటిని తాళం వేసి దాచే యాప్‌లో) తప్ప మరెక్కడా వద్దు.

ఇక సొంత వాట్సాప్ సంగతి. "వాడొద్దు" అని సర్క్యులర్ వేసి చేతులు దులుపుకుంటే పని జరగదు. అమెరికాలో బ్యాంకర్లు, బ్రోకర్లు వ్యాపార సంభాషణలన్నీ భద్రపరచాలి, ఇది అక్కడి నియమం. అయినా పెద్ద పెద్ద సంస్థల్లో పై అధికారులే సొంత ఫోన్లలో మెసేజ్‌లు పెట్టుకున్నారు. 2021 డిసెంబర్‌లో జేపీ మోర్గాన్ బ్యాంకుకు అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిపి 20 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. 2022 సెప్టెంబర్‌లో మరో పదహారు సంస్థల మీద పడ్డది మొత్తం దాదాపు 180 కోట్ల డాలర్లు. పాలసీ కాగితాలు వాళ్ల దగ్గరా ఉన్నాయి. కస్టమర్ వాట్సాప్‌లో ఉంటే ఉద్యోగీ అక్కడికే వెళ్తాడు. కాబట్టి సంస్థ పేరు మీదే ఒక బిజినెస్ నంబర్ తీసుకుని, కస్టమర్లను అందులోకి మళ్లించండి. ఉద్యోగి వెళ్లిపోయినా నంబర్, అందులోని మాటలు మీ దగ్గర ఉంటాయి.

3. తాళం సంగతి కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి

"మాది ఎన్‌క్రిప్టెడ్", అంటే మాటలకు తాళం వేసి పంపుతాం, అని అమ్మేవాళ్లందరూ అంటారు. అబద్ధమేమీ కాదు, కానీ రెండు వేరు వేరు సంగతులను ఆ ఒక్క మాటే కప్పేస్తుంది.

మొదటి రకంలో మీ పరికరం నుంచి కంపెనీ సర్వర్ దాకా దారి భద్రంగా ఉంటుంది. చేరాక మాత్రం తాళంచెవి ఆ కంపెనీ దగ్గరే. స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్, మామూలు ఇమెయిల్ ఈ కోవలోవి. రెండో రకం ఎండ్ టు ఎండ్. పంపినవాళ్ల ఫోన్‌లో తాళం పడితే అందుకున్నవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యలో మోసేవాళ్లకు లోపలేముందో తెలియదు. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఇలా పనిచేస్తుంది. వాట్సాప్ అదే సిగ్నల్ పద్ధతిని (ప్రోటోకాల్) తీసుకుని 2016 ఏప్రిల్‌ నాటికి తన వాడుకదారులందరికీ అమలు చేసింది.

ఈ తేడా ఎంత చిక్కు తెచ్చిందో జూమ్‌ను చూస్తే తెలుస్తుంది. తమ మీటింగ్‌లు ఎండ్ టు ఎండ్ అని చెప్పుకుంటూ వచ్చింది కానీ, మీటింగ్ తెరవగల తాళంచెవులు తన సర్వర్లలోనే పెట్టుకుంది. అది వాడుకదారులను తప్పుదోవ పట్టించడమేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2020 నవంబర్‌లో జూమ్‌తో రాజీ ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటికి కొద్ది వారాల ముందే, అక్టోబర్‌లో, జూమ్ నిజమైన ఎండ్ టు ఎండ్‌ను ఐచ్ఛికంగా తెచ్చింది.

మరి అన్నిటికీ అదే ఆన్ చేసేస్తే పోలా? పోదు. జూమ్‌లో అది ఆన్ చేస్తే క్లౌడ్ రికార్డింగ్ ఉండదు, మామూలు ఫోన్ నుంచి డయల్ చేసి చేరడం కుదరదు. టీమ్స్‌లో ఇద్దరి మధ్య కాల్‌కు ఆన్ చేస్తే రికార్డింగ్, లైవ్ క్యాప్షన్లు పోతాయి. సర్వర్‌కు వినబడనిది సర్వర్ ఎలా రాస్తుంది? అందుకని రోజువారీ మీటింగ్‌లు మామూలుగానే ఉంచి, లాయరుతో మాటలు, కంపెనీ కొనుగోలు చర్చలు, జీతాల లెక్కల వంటివాటికి మాత్రం ఎండ్ టు ఎండ్ పెట్టుకోండి.

ఇంకో కన్నం ఉంది, బ్యాకప్. ఫోన్‌లో తాళం వేసి ఉన్న వాట్సాప్ చాట్ క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లినప్పుడు ఆ రక్షణ దానంతటది వెంట వెళ్లదు. బ్యాకప్‌కు కూడా ఎండ్ టు ఎండ్ పెట్టుకునే వీలు 2021లో ఇచ్చారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం ఎండ్ టు ఎండ్‌లో కూడా చాలా సేవల్లో కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

4. లాగిన్ గట్టిపరచండి

పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి చేయండి, యజమానితో సహా. ఎస్‌ఎంఎస్ కోడ్ ఏమీ లేనిదానికన్నా మేలే కానీ, సిమ్ మార్పించి దాన్ని కొట్టేయడం తెలిసిన విద్య. ఫోన్‌లో "అప్రూవ్" నొక్కే పద్ధతికి ఇంకో జబ్బుంది. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌కు పనిచేసే ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కింది. వాడు లాగిన్ అవుతూ పోయాడు, ఈయన ఫోన్‌కు అప్రూవల్ రిక్వెస్టులు వస్తూ పోయాయి. చివరికి ఒకటి నొక్కేశాడు. అర్ధరాత్రి ఫోన్ పదే పదే మోగితే ఎవరికైనా విసుగొస్తుంది. తెర మీద కనబడిన అంకెలు ఫోన్‌లో కొడితేనే తెరుచుకునే పద్ధతి ఉంటే అది పెట్టండి. మైక్రోసాఫ్ట్ తన అథెంటికేటర్ యాప్‌లో 2023 మే నుంచి దీన్ని తప్పనిసరి చేసింది.

వీలైనచోట పాస్‌కీలకు, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవులకు, మారండి. పాస్‌కీ ఏ సైట్ కోసం పుట్టిందో ఆ సైట్‌కే పనిచేస్తుంది. నకిలీ పేజీని చూసి మీరు మోసపోయినా అది మోసపోదు.

అన్నీ చేశాక కూడా లాగిన్ ఇబ్బందులు తీర్చే హెల్ప్‌డెస్క్ అనే మెత్తటి తలుపు ఒకటి మిగులుతుంది. 2021లో వీడియో గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లోకి దూరినవాళ్లు దొంగిలించిన కుకీతో (లాగిన్ అయి ఉన్నట్టు బ్రౌజర్‌లో ఉండే చిన్న గుర్తుతో) స్లాక్‌లోకి వచ్చి, "నిన్న రాత్రి పార్టీలో ఫోన్ పోయింది" అని ఐటీ సిబ్బందిని నమ్మించి లాగిన్ టోకెన్ తీసుకున్నామని విలేకరులకు చెప్పుకున్నారు. ఎవరు లాగిన్ రీసెట్ అడిగినా వాళ్ల మేనేజరుకు ఫోన్ చేయనిదే, లేదా వీడియోలో మనిషిని చూసి రికార్డులోని నంబరుకు తిరిగి చేయనిదే ఇవ్వొద్దని ఐటీ వాళ్లకు రాసివ్వండి. "బాస్ తిడతాడేమో" అన్న భయం వాళ్లకు ఉండకూడదు. అదీ ఆ కాగితంలోనే రాయండి.

5. మీ ఇమెయిల్ చిరునామాతో ఇతరులు పంపకుండా

డొమైన్ చూసే మనిషితో ఒక గంట పని. ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) మూడూ పెట్టించండి. డీమార్క్‌ను మొదట "నన్" (ఏమీ ఆపొద్దు) మీద ఉంచి రెండు మూడు వారాలు రిపోర్టులు చూడండి. మీకే తెలియని సాఫ్ట్‌వేర్లు మీ పేరుతో మెయిళ్లు పంపుతుంటాయి. వాటిని సర్దాక "క్వారంటీన్" (పక్కన పెట్టు), ఆపైన "రిజెక్ట్" (తిప్పికొట్టు). ఎస్‌పీఎఫ్‌ను సరిచూడ్డానికి డొమైన్ రికార్డులను వెతికే సార్లు (డీఎన్‌ఎస్ లుకప్‌లు) పది దాటితే అది చెల్లదు, చాలామంది ఇక్కడే తడబడతారు. భారీగా మెయిళ్లు పంపేవాళ్ల (గూగుల్ లెక్కలో రోజుకు 5,000 పైన) నుంచి గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ అడుగుతున్నాయి. మీరు అంత పంపకపోయినా పెట్టుకోండి.

6. డబ్బు కదిలే మాటకు వేరే దారి

అన్ని అడుగుల్లో ఒక్కటే చేయగలనంటే నేను దీన్నే చేయమంటాను. బిజినెస్ ఇమెయిల్ మోసాల వల్ల 2023లో తమకు ఫిర్యాదుల రూపంలో వచ్చిన నష్టమే 290 కోట్ల డాలర్లు దాటిందని అమెరికా ఎఫ్‌బీఐ లెక్క చెప్పింది. ఇందులో హ్యాకింగ్ విద్య ఏమంత ఉండదు, ఉండేదంతా నటనే.

ఒకసారి నా ముందే జరిగింది. వారాంతం సాయంత్రం, అందరూ బ్యాగులు సర్దుకుంటున్న వేళ సరఫరాదారు దగ్గర్నుంచి మెయిల్. పాత సంభాషణకే రిప్లై, పాత ఇన్వాయిస్ నంబరే, సంతకం కూడా అదే. "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈసారి కొత్తదానికి పంపగలరు" అని ఉంది. అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయికి ఎందుకో అనుమానం వచ్చి, చిరునామాను కాపీ చేసి అక్షరాలు పెద్దవి చేసి చూసింది. ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. మామూలు సైజులో ఆ రెండూ కలిసి అచ్చం ఎమ్‌లాగే కనబడతాయి. డీమార్క్ దీన్ని ఆపదు, ఎందుకంటే ఆ డొమైన్ దొంగది, దానికి వాడూ డీమార్క్ పెట్టుకుని ఉంటాడు.

గొంతు గుర్తుపట్టాం, మొహం చూశాం అన్నా ఇప్పుడు చాలదు. 2024 మొదట్లో అరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగికి రహస్య చెల్లింపు చేయాలని మెయిల్ వచ్చింది. ఆయన మొదట అనుమానించాడు కూడా. తర్వాత వీడియో కాల్‌లో ఫైనాన్స్ అధిపతి, తెలిసిన సహోద్యోగులు కనబడేసరికి అనుమానం పోయింది. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. కాల్‌లో కనబడినవాళ్లంతా డీప్‌ఫేక్‌లు, కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ మొహాలు, గొంతులు.

చేయాల్సింది ఇది. అకౌంట్ మార్పు, కొత్త చెల్లింపు, అత్యవసరం అన్న మాట, ఈ మూడింట్లో ఏది వచ్చినా, వచ్చిన దారిలో కాకుండా వేరే దారిలో రూఢి చేసుకోవాలి. మెయిల్‌లో వస్తే ఫోన్ చేయాలి. ఆ నంబరు మెయిల్ కింద ఉన్నది కాదు, మీ పాత రికార్డులోది. ఒక మొత్తం దాటితే ఇద్దరు ఆమోదించనిదే కదలకూడదు. ఆ మొత్తం ఎంతో మీరే తేల్చుకోండి, అది బయటివాళ్లకు తెలియనివ్వకండి.

7. గదిలో ఎవరున్నారో చూసుకోండి

2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ పెద్దలు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ గుంపులో మాట్లాడుకున్నారు. ఎండ్ టు ఎండ్ చక్కగా పనిచేసింది. పొరపాటున గుంపులో చేర్చిన ఒక పత్రికా సంపాదకుడికి కూడా అంతే చక్కగా చేరవేసింది. గోడలకు చెవులుంటాయంటారు. ఇక్కడ గోడలు గట్టివే, కుర్చీలో కూర్చున్న మనిషే వేరు.

నెలకోసారి ప్రతి గుంపు సభ్యుల జాబితా పైనుంచి కింది దాకా చదవండి. బయటివాళ్లున్న చానల్ పేరులోనే "బయట" అన్న మాట పెడితే టైప్ చేసేముందు కళ్లకు తగులుతుంది. ఉద్యోగం మానేసినవాళ్లకు సెలవు చెప్పే రోజునే అకౌంట్ ఆపి, తెరిచి ఉన్న సెషన్లన్నీ లాగవుట్ చేయించాలి. పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే వాళ్ల ఫోన్‌లో యాప్ ఇంకా తెరిచే ఉండొచ్చు. నేనూ ఒకచోట ఈ పప్పులో కాలేశాను. ఒప్పందం ముగిసిన సరఫరాదారు ప్రతినిధి ఎనిమిది నెలలు మా ధరల చానల్‌లోనే ఉన్నాడు. పోటీవాళ్లకు చేర్చాడో లేదో కానీ, ఆ ఎనిమిది నెలలూ ప్రతి బేరంలో మా చివరి మాట ఏమిటో ఆయనకు ముందే తెలుసు.

8. ఎన్నాళ్లు ఉంచాలి

అంతా దాచడం ప్రమాదమే, అంతా చెరపడమూ ప్రమాదమే. ఒప్పందాలు, లెక్కలు మీ దేశపు చట్టం చెప్పినన్నాళ్లు ఉంచండి. టీమ్ చాట్‌కు ఏడాది సాధారణంగా సరిపోతుంది. వివాదమో, కోర్టు నోటీసో వచ్చిన క్షణాన ఆటో డిలీట్ ఆపేయాలి. అప్పుడు చెరిపితే చెరిపినందుకే వేరే శిక్ష పడొచ్చు.

9. ఉద్యోగుల మాటలు చూడటం: ముందు చెప్పి, తక్కువ చూసి

చాలామంది ఉద్యోగులకు తెలియని సంగతి: ఇద్దరి మధ్య డైరెక్ట్ మెసేజ్ అంటే ఇద్దరికే అని కాదు. స్లాక్‌లో కొన్ని ప్లాన్లలో యాజమాన్యం వాటిని బయటికి తీయగలదు, తీసినట్టు ఉద్యోగికి స్లాక్ చెప్పదు.

చూడగలం కదా అని చూసేయొచ్చా? రొమేనియాలో ఒక ఉద్యోగి, కస్టమర్లతో మాట్లాడ్డానికి సంస్థ తెరవమంటే తెరిచిన యాహూ మెసెంజర్‌లో సోదరుడితోనూ, పెళ్లాడబోయే అమ్మాయితోనూ మాట్లాడాడు. 2007లో సంస్థ ఆ మాటలను 45 పేజీలు అచ్చు తీసి ముందు పెట్టింది, తర్వాత ఉద్యోగం తీసేసింది. 2017 సెప్టెంబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు పెద్ద ధర్మాసనం అతని ప్రైవసీకి రక్షణ దొరకలేదని 11-6తో తీర్పు చెప్పింది. తీర్పులో కోర్టు వేసుకున్న ప్రశ్నలే మీ చెక్‌లిస్ట్: ముందే చెప్పారా? ఎంత మేరకు చూశారు? చూడటానికి సరైన కారణం ఉందా? ఇంతకన్నా తక్కువ చొరబడే దారి లేదా? చూసినదాన్ని దేనికి వాడారు?

నేను రాయించే నోటీసు ఇలా ఉంటుంది: "మీ ఆఫీసు చాట్, ఇమెయిల్ సంస్థ అకౌంట్లలో నిలవ ఉంటాయి. లిఖిత ఫిర్యాదు, భద్రతా సంఘటన, చట్టపరమైన ఉత్తర్వు ఉంటే తప్ప వాటిని తెరవం. తెరవాలంటే ఇద్దరు అధికారుల సంతకం కావాలి, అందులో ఒకరు మీ విభాగం వారు కారు. తెరిచిన ప్రతిసారీ నమోదు చేస్తాం. స్క్రీన్‌షాట్లు, కెమెరా, కీబోర్డు నొక్కుడు మేము సేకరించం." ఆఖరి వాక్యం రాయలేకపోతున్నారంటే ఎందుకు రాయలేకపోతున్నారో ఓసారి ఆలోచించండి.

చాట్‌లో పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క చూసి పని కొలవడం దండగ. మౌస్ కదిలిస్తూ కూర్చునే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. మీటింగ్‌లో ఎవరు ధ్యాస పెడుతున్నారో చెప్పే ఫీచర్‌ను జూమ్ 2020 ఏప్రిల్‌లో తీసేసింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది చివర్లో విమర్శలు వచ్చాక, టూల్స్ వాడకాన్ని కొలిచే తన ప్రొడక్టివిటీ స్కోర్‌లోంచి వ్యక్తుల పేర్లు తొలగించింది. అమ్మేవాళ్లే వెనక్కి తగ్గిన పనిని మనం కొనుక్కోవడం ఎందుకు?

10. ఏఐ నోట్స్ రాసే బాట్

మీటింగ్‌లోకి ఎవరి బాటో (మాటలు విని నోట్స్ రాసే సాఫ్ట్‌వేర్) వచ్చి కూర్చుంటే మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరిది? రాసింది ఎక్కడికి వెళ్తుంది? మా మాటలతో ఏఐ మోడల్‌కు శిక్షణ ఇస్తారా? 2023 ఆగస్టులో జూమ్ నిబంధనల మీద, 2024 మేలో స్లాక్ నిబంధనల మీద గొడవ రేగింది ఈ మూడో ప్రశ్న దగ్గరే. జవాబు ఒప్పందంలో రాసి ఉండాలి, సేల్స్ మనిషి నోటి మాట చాలదు. ఇంకో తంటా ఏమిటంటే, బాట్ నోట్స్ ఆహ్వానితులందరికీ దానంతటదే వెళ్లిపోవచ్చు. మీటింగ్ అయ్యాక బయటివాళ్లు వెళ్లిపోయారు కదా అని మనవాళ్లు మిగిలి మాట్లాడుకున్నవి కూడా అందులో ఉంటాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం, ఆ నోరు జారినదాన్ని పాయింట్లవారీగా మెయిల్ చేస్తుందిది. ఆటోమేటిక్ పంపకం ఆపేయండి. కాల్ ముగిస్తే అందరూ లేవండి.

11. వేళలు

ఫ్రాన్స్‌లో 50 మంది, ఆపైన ఉన్న సంస్థలు పని వేళల తర్వాత ఆఫీసు కాల్స్, మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు మీద ఉద్యోగులతో చర్చించాలని 2017 జనవరి నుంచి చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో ఇలాంటి హక్కే వచ్చింది. చట్టం లేనిచోట కూడా చేయగలిగింది చిన్నదే: రాత్రి రాస్తే షెడ్యూల్ చేసి పొద్దున వెళ్లేలా పెట్టండి, నిజంగా కొంపలంటుకుంటే ఫోన్ చేయండి. ముందు పాటించాల్సింది మేనేజరే.

12. అన్నీ ఆగిపోయిన రోజు

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరు గంటల పైన ఆగిపోయింది. దాంతో వాట్సాప్ ఆగింది, ఆ సంస్థ లోపలి టూల్స్ కూడా ఆగాయి. బాగుచేయాల్సిన ఇంజనీర్లు రోజూ వాడే సాధనాలే వాళ్ల చేతిలో లేకుండా పోయాయి. ప్రధాన సాధనం ఏ కంపెనీదో ప్రత్యామ్నాయం ఆ కంపెనీది కాకూడదు. పది ముఖ్యమైన ఫోన్ నంబర్లు, బ్యాంకు వాళ్ల నంబరు, డొమైన్ చూసేవాళ్ల నంబరు, లాయరు నంబరు కాగితం మీద అచ్చు తీసి ముగ్గురి ఇళ్లలో ఉంచండి. అవును, కాగితమే. అడుగున తేదీ వేసి, మూడు నెలలకోసారి ఒక్కో నంబరుకూ చేసి చూడండి. ఆ రోజే చాట్ తెరిచి "పాస్‌వర్డ్" అని మళ్లీ ఓసారి వెతకండి.